ప్రొఫెసరుగారి భార్య అడిగిన ప్రశ్న

1926లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఎర్విన్ ష్రోడింగర్, పరమాణువులో ఎలక్ట్రాన్ నడతను లెక్కగట్టే సమీకరణం ఒకటి ప్రచురించాడు. ఏడేళ్ల తర్వాత ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చిపెట్టిన పని అదే. దాని మీద వరసగా వ్యాసాలు రాస్తున్న రోజుల్లోనే, ఆయన భార్య అన్నీ ఇంట్లో ఒక సందేహం అడిగింది. కప్పులో టీని చెంచాతో తిప్పి వదిలేస్తే, అడుగున ఉన్న ఆకు నలుసులు అంచులకు కొట్టుకుపోకుండా నడిమధ్యకు వచ్చి కుప్పపడతాయెందుకు? ఎలక్ట్రాన్ సంగతి తేల్చిన మనిషికి టీ నలుసుల సంగతి తోచలేదు.

సరిగ్గా అప్పుడే ఐన్‌స్టైన్ రాసిన చిన్న వ్యాసం ఒకటి వచ్చింది. నదులు ఎందుకు మెలికలు తిరుగుతాయన్నది దాని విషయం. ఐన్‌స్టైన్ దాన్ని వివరించడానికి ఎంచుకున్నది టీ కప్పునే. ఆ ఏప్రిల్‌లో ష్రోడింగర్ ఆయనకు ఉత్తరం రాస్తూ, కొద్ది రోజుల కిందటే తన భార్య ఇదే అడిగిందనీ, తాను చెప్పలేకపోయాననీ, ఇకమీదట టీ కలిపినప్పుడల్లా ఆమె ఆయన్ను తలుచుకుంటానంటోందనీ చెప్పాడు.

మన పాల టీలో అడుగు కనబడదు. గాజు గ్లాసులో నీళ్లు పోసి, వడకట్టగా మిగిలిన టీ పొడి చిటికెడు వేసి తిప్పి చూడండి. గిరగిరా తిరిగే దేన్నయినా బయటికి విసిరే గుణం ఉంటుంది కాబట్టి పొడి అంచుకు చేరాలి. చేరదు. జరిగేదేమిటంటే, తిరిగే నీరు అంచుల దగ్గర కాస్త ఎత్తుగా లేస్తుంది, మధ్యలో గుంట పడుతుంది. ఎత్తు ఎక్కువున్న చోట ఒత్తిడీ ఎక్కువే. ఆ ఒత్తిడి నీటిని లోపలికి నెడుతుంటే, తిరుగుడు వేగం బయటికి లాగుతుంటుంది. గ్లాసు నడుమ ఎత్తులో రెండూ సరిపోతాయి. అడుగున మాత్రం గాజుకు ఒరుసుకుని నీటి వేగం తగ్గుతుంది. బయటికి లాగే బలం అక్కడ సన్నగిల్లింది, లోపలికి నెట్టే ఒత్తిడి మాత్రం అంతే ఉంది. దాంతో అడుగు నీరు కేంద్రం వైపు పాకుతుంది, మధ్యలో పైకి లేస్తుంది, పైన అంచులకు పోయి గోడల వెంట మళ్లీ కిందికి దిగుతుంది. నీటితోపాటు మధ్య దాకా వచ్చిన పొడి, బరువు వల్ల పైకి లేవలేక అక్కడే కూలబడుతుంది.

నది వంపు తిరిగే చోటా ఇదే కథ. వంపు బయటి ఒడ్డు వైపు నీటి మట్టం కొంచెం ఎక్కువ. నది అడుగున ప్రవాహం బయటి ఒడ్డు నుంచి లోపలి ఒడ్డుకు సాగి ఇసుకను మోసుకుపోతుంది. ఏటి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకు దీని ఫలితం బాగా తెలుసు: ఒక గట్టు ఏటేటా కోసుకుపోతుంటుంది, ఎదుటి గట్టున ఇసుక మేట వేస్తుంటుంది. కోతకు గురైన వంపు ఇంకా వంపు తిరుగుతుంది. నిజానికి నదుల సంగతి 1876లోనే జేమ్స్ థామ్సన్ అనే ఇంజనీరు చెప్పాడు. కెల్విన్ ప్రభువుగా పేరుపడ్డ విలియం థామ్సన్‌కు ఆయన స్వయానా అన్న. తమ్ముడి పేరు ముందు అన్న పేరు నిలవలేదు, ఐన్‌స్టైన్ పేరు ముందు అసలే నిలవలేదు. ఇదే కిటుకును వాడుకుంటూ బీరు తయారుచేసే చోట, కాచిన రసాన్ని పెద్ద తొట్టిలో తిప్పి వదిలి, మడ్డి మధ్యకు చేరాక పక్కనుంచి తేట తీసుకుంటారు. వాళ్లకు కావలసింది తేట.

ఇంట్లో పుట్టే ప్రశ్నలకు ఎవరో ఒకరి దగ్గర జవాబు తయారుగా ఉంటుంది. ఉల్లిపాయ ఘాటుగా ఉంటుంది, అందుకే కళ్లు మండుతాయి. బల్లి పాదాల్లో జిగురు ఉంటుంది, అందుకే పడదు. ఇలాంటి తయారు జవాబు ఉన్నంతకాలం ఎవరూ ప్రశ్న జోలికి పోరు. శాస్త్రజ్ఞులూ మనుషులే కాబట్టి వాళ్లూ చాలాకాలం పోలేదు. నక్షత్రాలు ఎందుకు వెలుగుతాయన్నది 1930ల చివరికే తేలింది. ఉల్లిపాయ ఎందుకు ఏడిపిస్తుందన్నది పూర్తిగా తేలడానికి 2002 దాకా ఆగాల్సి వచ్చింది.

తల్లి కూడా చేయని మేలు చేస్తుందని మనం పొగిడే ఉల్లి, కోయకముందు ఎవరినీ ఏమీ అనదు. దాని కణాల్లో గంధకం ఉన్న పదార్థాలు ఒక గదిలో, వాటిని విడగొట్టే ఎంజైమ్ ఇంకో గదిలో వేరువేరుగా ఉంటాయి. కత్తిపీట మీద పెట్టి కోయగానే గదులు తెగి రెండూ కలుస్తాయి. పుట్టిన పదార్థం మారి ఒక వాయువు అవుతుంది. అది కంటి తడికి తగిలితే నరాలు మండుతాయి, కడిగేయడానికి కన్నీళ్లు వస్తాయి. ఇంతవరకూ పాత సంగతే. చివరి మార్పు దానంతటదే జరిగిపోతుందని అందరూ అనుకున్నారు. జపాన్‌లో కూర పొడులు తయారుచేసే హౌస్ ఫుడ్స్ కంపెనీ పరిశోధకులు 2002లో 'నేచర్' పత్రికలో వేరే మాట చెప్పారు. ఆ చివరి మెట్టుకు ప్రత్యేకంగా మరో ఎంజైమ్ ఉంది, ఏడిపించడమే దాని ఉద్యోగం. దాన్ని ఆపితే ఏడుపు ఆగుతుంది, రుచి మాత్రం పోనక్కర్లేదు. 2013లో ఈ బృందానికి ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ముందు నవ్వించి ఆ తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి అది. తర్వాత కన్నీళ్లు తెప్పించని ఉల్లిపాయనూ ఆ కంపెనీ పండించింది.

ఉల్లిని ఫ్రిజ్‌లో కాసేపు ఉంచి కోస్తే కళ్లు తక్కువ మండుతాయన్న చిట్కాలో నిజం ఉంది. చల్లదనానికి ఎంజైమ్‌లు మందగిస్తాయి. కత్తికి పదునుంటే నలిగే కణాలూ తక్కువ.

బల్లి సంగతికి వద్దాం. అది శరీరంలో ఎక్కడ పడితే ఏ ఫలమో మన పంచాంగాలు పట్టిక వేసి చెబుతాయి. కంచికి వెళ్లినవాళ్లు బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి ఆ దోషం పోగొట్టుకుని వస్తారు. పడితే ఏమవుతుందన్నదాని మీద ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లం, నున్నటి పైకప్పుకు తలకిందులుగా అతుక్కుని అది అసలు పడకుండా ఎలా ఉంటుందని అడిగినట్టు లేదు. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ మాత్రం, బల్లి చెట్టు మీద తలకిందులుగా కూడా పరుగెత్తగలదని రాసిపెట్టాడు.

జిగురు అనుకుందామంటే దాని పాదాల్లో జిగురు గ్రంథులు లేవు. గాలిని పీల్చి పట్టుకుంటుందేమోనని గాలి తీసేసిన గదిలో పెట్టి చూశారు, పట్టు సడలలేదు. స్థిర విద్యుత్తేమోనని 1930ల్లో జర్మనీలో ఎక్స్ కిరణాలతో చుట్టూ ఉన్న గాలికి విద్యుత్తును లాగేసే గుణం తెప్పించి చూశారు, అయినా అతుక్కునే ఉంది. అసలు గుట్టు 2000లో కెల్లార్ ఆటమ్, ఆయన సహచరులు పట్టుకున్నారు. టోకే అనే పెద్ద బల్లి పాదం నుంచి ఒకే ఒక్క వెంట్రుకను వేరుచేసి దాని బలం కొలిచారు. ఒక్కో పాదానికి ఇలాంటివి దాదాపు 5 లక్షలుంటాయి. ఒక్కొక్కటీ మన తల వెంట్రుక మందంలో పదో వంతు. అది మళ్లీ కొన దగ్గర చీలి వందల పోగులవుతుంది. ఆ పోగు కొన వెడల్పు ఒక మిల్లీమీటరులో 5 వేలవ వంతు. అంత సన్నం కాబట్టి గోడలోని అణువులకు మరీ దగ్గరగా పోగలదు. ఏ రెండు అణువులైనా బాగా దగ్గరైతే వాటి మధ్య ఒక బలహీనమైన ఆకర్షణ ఉంటుంది, దాన్ని వాన్ డర్ వాల్స్ బలం అంటారు. ఒక్క అణువు దగ్గర లెక్కలోకి రాని ఆ బలం కోట్ల కొనల దగ్గర కలిస్తే, 5 లక్షల వెంట్రుకలూ ఒకేసారి పూర్తిగా అంటుకుంటే, ఒక్క పాదమే 10 కిలోల బరువు మోయగలదని లెక్క తేలింది. 2002లో అదే బృందం రకరకాల ఉపరితలాల మీద పరీక్షించి ఇది వాన్ డర్ వాల్స్ బలమేనని రూఢి చేసింది.

నాకు ఇందులో ఎక్కువ ఆశ్చర్యం పట్టులో లేదు, వదలడంలో ఉంది. అంత గట్టిగా పట్టిన పాదాన్ని సెకనుకు ఎన్నోసార్లు ఎలా విడిపించుకుంటుంది? వెంట్రుకకూ గోడకూ మధ్య కోణం సుమారు 30 డిగ్రీలు దాటగానే పట్టు ఊడిపోతుంది. అందుకే బల్లి అడుగు ఎత్తేటప్పుడు వేళ్లను కొసల నుంచి పైకి మడుస్తూ ఒలుచుకుంటుంది. దీనికి కండబలం దాదాపు అక్కర్లేదు. 2014లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం చచ్చిన బల్లి పాదం కూడా బతికున్నదానితో సమానంగా పడుతుంది. మరి పడేదెప్పుడు? పాదాలు బాగా తడిస్తే పట్టు బాగా తగ్గుతుందని అమెరికాలోని ఆక్రన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2012లో చూపించారు. పంచాంగంలో ఇదొక్క పంక్తి చేర్చవచ్చు.

తడికి మన వేళ్లు వేరే రకంగా స్పందిస్తాయి. చెరువులో ఈది వచ్చిన పిల్లల వేలి కొసలు ముడతలు పడి ఉంటాయి. నీళ్లు పీల్చుకుని చర్మం ఉబ్బిందంటాం. అదే నిజమైతే నరం తెగిన వేలు కూడా ముడతలు పడాలి. 1930ల్లో లండన్‌లో ఇద్దరు వైద్యులు గమనించిందేమిటంటే, చేతి నరం దెబ్బతిన్నవాళ్ల వేళ్లు ఎంతసేపు నానినా నున్నగానే ఉంటాయి. అంటే ముడతలు వేయించేది నాడీ వ్యవస్థ. అది వేలి కొసల్లోని రక్తనాళాలను కుంచింపజేస్తుంది, లోపలి పరిమాణం తగ్గి పైచర్మం ముడుచుకుంటుంది. దేనికీ ఏర్పాటు? తడి వస్తువులు జారిపోకుండా పట్టుకోవడానికని 2013లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయం వాళ్లు గోళీలతో చేసిన ప్రయోగం సూచించింది. మరుసటి ఏడే బెర్లిన్‌లో ఇంకొకరు చేస్తే తేడా ఏమీ కనిపించలేదు. తగవు ఇంకా తెగలేదు.

పసిపిల్లల స్నానం మన ఇళ్లలో స్నానం కాదు, లాల. అన్నం బువ్వ. పడుకోవడం బజ్జోవడం. ఈ మాటలు ఎవరు ఎవరికి నేర్పారు? పెద్దవాళ్లు పిల్లలకు నేర్పారనుకుంటాం. రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త 1960లో అచ్చయిన ఒక వ్యాసంలో దీన్ని తిరగేశాడు. ప్రపంచ భాషల్లో తల్లినీ తండ్రినీ పిలిచే పదాలను మానవశాస్త్రవేత్త జార్జ్ మర్డాక్ వెయ్యికి పైగా సేకరించాడు. ఒకదానితో ఒకటి చుట్టరికం లేని భాషల్లోనూ అవి ఒకేలా ఉండటం ఆయనను ఆశ్చర్యపరిచింది. తల్లి పేర్లలో మ, న ఎక్కువ. తండ్రి పేర్లలో ప, బ, త, ద ఎక్కువ.

యాకబ్సన్ చెప్పింది ఇది. పసిబిడ్డ నోరు పాల దగ్గర ఉన్నప్పుడు పెదవులు మూసుకుని ఉంటాయి, గాలి ముక్కులోంచే పోవాలి. అప్పుడు రాగలిగింది 'మ్‌' లాంటి మూలుగు ఒక్కటే. తర్వాత పాల కోసం, ఎత్తుకోవడం కోసం, అమ్మ కోసం అదే మూలుగు. నోరు తెరిచి పెదవులు కలిపి విడదీస్తే 'మ', 'బ', 'ప' వస్తాయి, నాలుక పళ్ల దగ్గర తగిలితే 'త', 'ద', 'న'. బిడ్డ ఇవి వరసగా పలుకుతుంటే, పక్కనున్న పెద్దవాళ్లు ముచ్చటపడి ఆ పిలుపు తమకేననుకుని అర్థం తగిలిస్తారు. ఎవరికి ఏది తగిలించాలన్నది ఆ ఇంటి ఇష్టం. జార్జియా దేశపు భాషలో మామా అంటే తండ్రి, దేదా అంటే తల్లి. మనకు మామ మేనమామ అయ్యాడు.

తెలుగు వావివరసల మీద ఈ దీపం పెట్టి చూస్తే నాకు ఒకటి కనిపించింది. బిడ్డ నోటితో పిలవాల్సిన పెద్దవాళ్లందరి పేర్లూ ఒకటి రెండు తేలిక హల్లులతో సరిపోయాయి: అమ్మ, నాన్న, తాత, అవ్వ, అత్త, మామ, అన్న, అక్క. బిడ్డకు పిలిచే అవసరం లేని వరసలు మాత్రం నోరు తిరగాల్సినవి: కొడుకు, కూతురు, అల్లుడు, కోడలు, మరదలు, వియ్యంకుడు. వియ్యంకుణ్ణి ఏ పసివాడూ పిలవనక్కర్లేదు కదా. 'అక్క' ఒక్కటి కొంచెం కష్టం. 'క' కోసం నాలుక వెనకభాగం లేవాలి, కొందరు పిల్లలకు అది ఆలస్యంగా పట్టుబడుతుంది. అందాకా వాళ్ల నోట అక్క అత్తవుతుంది, కాకి తాతి అవుతుంది.

వీధి చివర కిరాణా కొట్టులో ఇంకో వింత ఉంది. బల్ల మీద క్యాలిక్యులేటరు, పక్కన ఫోను. క్యాలిక్యులేటరు పై వరసలో 7, 8, 9 ఉంటాయి. డబ్బు పంపడానికి ఫోనులో పిన్ నొక్కాలంటే పై వరసలో 1, 2, 3 ఉంటాయి. కొట్టతను రోజంతా రెంటి మధ్యా వేళ్లు మార్చుకుంటూనే ఉంటాడు, తడబడడు. ఎందుకిలా అంటే ప్రచారంలో ఉన్న కథ ఇది: లెక్కల యంత్రం మీద చేయి తిరిగినవాళ్లు మరీ వేగంగా నొక్కితే టెలిఫోను ఎక్స్ఛేంజి తట్టుకోలేదని, కావాలనే తలకిందులు చేశారట. వినడానికి బాగుంది.

లెక్కల యంత్రాల వంశం వేరు. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన కాంప్టోమీటరు లాంటి యంత్రాల్లో ఒకట్ల స్థానానికి ఒక నిలువు వరస, పదుల స్థానానికి ఇంకో నిలువు వరస మీటలుండేవి. ప్రతి వరసలోనూ 1 కింద, 9 పైన. పది మీటలకు కుదించినప్పుడు కూడా ఆ కింది నుంచి పైకి ఎక్కే అలవాటు పోలేదు. టెలిఫోను మీటలు చాలా తర్వాత వచ్చాయి. 1955లో చపానిస్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, ఆయన సహోద్యోగి ఖాళీ మీటల బొమ్మలిచ్చి అంకెలు ఎక్కడుండాలో రాయమంటే, ఎక్కువమంది పుస్తకం చదివే వరసలోనే, ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి రాశారు. బెల్ ప్రయోగశాలలో డైనింజర్ బృందం రకరకాల అమరికలు పెట్టి నొక్కించింది: ఐదేసి మీటల రెండు వరసలు, పాత డయలు మాదిరి వలయం, లెక్కల యంత్రం అమరిక, అన్నీ. 1960 జులైలో ఫలితాలు అచ్చయ్యాయి. వేగంలోనూ తప్పుల్లోనూ తేడాలు కొద్దిపాటివే. పై వరసలో 1, 2, 3 ఉన్న అమరికే టెలిఫోనుకెక్కింది. 1963 నవంబరులో పెన్సిల్వేనియాలోని రెండు చిన్న ఊళ్లలో మీటల ఫోన్లు జనానికి అందాయి. ఇప్పుడు మన జేబుల్లో ఉన్నది ఆ అమరికే.

జేబులో ఫోనుతోపాటు వేసిన ఇయర్‌ఫోను తీగకు ముడులెవరు వేస్తారన్నదానికి కూడా జవాబుంది. 2007లో శాన్ డియాగోలో ఇద్దరు పరిశోధకులు తాడును పెట్టెలో వేసి, పెట్టెను పది సెకన్ల చొప్పున తిప్పి, 3,415 సార్లు తెరిచి చూశారు. 46 సెంటీమీటర్ల కంటే పొట్టి తాడుకు ముడి పడలేదు. పొడుగు తాడు చుట్టలు చుట్టుకుని పక్కపక్కన పడుకుంటుంది. కుదుపుకు దాని కొస, జడ అల్లేటప్పుడు పాయ కదిలినట్టు, ఆ చుట్టల కిందా మీదా దూరిపోతుంది. తీగ లేని ఇయర్‌ఫోన్లు వచ్చాక ఈ బెడద తగ్గింది. దండలు కట్టేవాళ్ల దారానికి తగ్గలేదు.

ఇక మెటికలు. పిల్లను ముస్తాబు చేసి బయటికి పంపేముందు నాయనమ్మ రెండు చేతులతో బుగ్గలు పుణికి, నా దిష్టే తగిలేనమ్మా అంటూ ఆ చేతుల్ని తన కణతలకు ఆనించి పటపటమని మెటికలు విరుస్తుంది. ఎన్ని విరిగితే అంత దిష్టి పోయినట్టు. అదే పిల్ల ఊరికే కూర్చుని మెటికలు విరుచుకుంటే, కీళ్లు అరుగుతాయని తిట్టేదీ ఆ నాయనమ్మే.

చప్పుడు ఎముకలది కాదు. కీలు మధ్య జిగురు ద్రవం ఉంటుంది, అందులో వాయువులు కరిగి ఉంటాయి. వేలిని లాగినప్పుడు కీలు ఎడమై లోపల ఒత్తిడి పడిపోతుంది, కరిగిన వాయువు బుడగ కడుతుంది. ఒకసారి విరిచాక మళ్లీ చప్పుడు రావడానికి 20 నిమిషాల వరకూ పడుతుంది. ఇంతవరకూ పేచీ లేదు. చప్పుడు ఎప్పుడు వస్తుందన్నదే పేచీ. బుడగ పుట్టినప్పుడని 1947లో లండన్ వైద్యులన్నారు. కాదు, పగిలినప్పుడని 1971లో లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లన్నారు. 2015లో కెనడాలోని ఆల్బెర్టాలో వేలిని ఎంఆర్ఐ యంత్రంలో పెట్టి లాగుతూ చిత్రాలు తీశారు. 310 మిల్లీసెకన్ల లోపే అంతా జరిగిపోయింది, చప్పుడు తర్వాత కూడా ఖాళీ అక్కడే ఉంది. కాబట్టి పుట్టినప్పుడేనన్నారు. 2018లో అబ్దుల్ బరకత్, వినీత్ చంద్రన్ సుజ సమీకరణాలు రాసి చూస్తే, బుడగ పూర్తిగా పగలనక్కర్లేదు, కొంత కుంచించుకుపోయినా అంత చప్పుడు వస్తుందని తేలింది. చప్పుడు బుడగ కూలడానిదే కావచ్చు, మిగిలిన బుడగ చిత్రంలో కనబడనూ వచ్చు.

కీళ్లు అరుగుతాయా అన్నదానికి మాత్రం కాలిఫోర్నియాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరు సొంత చేతుల మీదే తేల్చుకున్నాడు. చిన్నప్పుడు తల్లీ, పిన్నమ్మలూ, ఆ తర్వాత అత్తగారూ కూడా మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని ఆయనను బెదిరించారట. 50 ఏళ్ల పాటు రోజుకు కనీసం రెండుసార్లు ఎడమ చేతి మెటికలు మాత్రమే విరిచాడు. కుడి చేతిని పోల్చి చూడటానికి వదిలేశాడు. ఎడమ చేతికి తక్కువలో తక్కువ 36,500 సార్లు. చివర్లో రెండు చేతులూ పరీక్షించుకుంటే ఏ చేతికీ కీళ్లవాతం లేదు, రెంటికీ తేడా లేదు. 1998లో ఒక వైద్య పత్రికకు ఈ సంగతి లేఖగా రాస్తూ, పెద్దవాళ్లు చెప్పిన మిగతా మాటలను కూడా, ముఖ్యంగా పాలకూర తినమన్నదాన్ని, తిరిగి పరిశీలించాలేమోనన్న అనుమానం చివర్న చేర్చాడు.